మెదడుకాండ వికారములవలన కలుగు నేత్రకండర పక్షవాతము

కనుగ్రుడ్డును త్రిప్పెడి కండరములు తమంతట తాము ఆరోగ్యముగనే యుండియు, వానికి ఆజ్ఞలు పంపెడి నాడీకేంద్రములు గాని, ఆ కేంద్రములను పరస్పరము కలిపెడి తంతువులు గాని మెదడుకాండమునందు దెబ్బతినుటచే, చూపు ఒక దిక్కునకు సాగక నిలిచిపోవుటయు, రెండు కన్నులు రెండు దారులు పట్టుటయు, రెప్ప వాలిపోవుటయు సంభవించు స్థితికి మెదడుకాండజన్య నేత్రకండర పక్షవాతమని పేరు. ఇది స్వయముగ ఒక వ్యాధి కాదు. రక్తనాళము పూడుకొనిపోవుట, రక్తస్రావము, క్షయగ్రంథి, కణితి, నాడీతంతువుల పైపొర కరగిపోవుట, విటమిను లోపము, తలకు తగిలిన దెబ్బ మొదలైనవానిలో ఏది కారణమైనను, అది కాండమునందు ఏ చోట నిలిచినదో ఆ చోటును బట్టి కంటిచలనమునందలి లోపము రూపొందును. కావున ఇచ్చట కారణముకంటె ముందుగా స్థానమును తెలిసికొనవలెను. స్థానము తెలిసినపిదప కారణము చాలవరకు బయటపడును. ఈ వైద్యశాఖయందలి నేర్పంతయు ఈ యొక్క సూత్రముపై నిలిచియున్నది.

మెదడుకాండము సుమారు బొటనవ్రేలంత లావు గల భాగము. పెద్దమెదడునకును వెన్నుపామునకును నడుమ, అనుమస్తిష్కమునకు ముందువైపున ఇది యున్నది. పైనుండి క్రిందికి మధ్యమెదడు, పాన్సు, మజ్జాముఖము అని దీనికి మూడు భాగములు. కాలుసేతులను కదలించు తంతువులును, స్పర్శను పైకి కొనిపోవు తంతువులును ఈ యిరుకైన దారినే పోవలయును. శ్వాసను, గుండెనడకను, మెలకువను కాపాడు కేంద్రములును ఇందే కలవు. ఇంత సమ్మర్దము గల చోట కొలది మిల్లీమీటర్ల మచ్చ ఏర్పడినను కన్ను ఒక్కటియే చెడుట అరుదు. ముఖమో, చేయియో, నడకయో, మాటయో దానితోపాటు చెడును. ఈ తోడులక్షణములే వైద్యునకు దారిచూపును.

ఒక్కొక్క కంటికి ఆరు కండరములు కలవు. వానిలో కంటిని వెలుపలికి లాగెడి ఋజుకండరమును ఆరవ కపాలనాడియు, పైతిర్యక్కండరమును నాలుగవ నాడియు, తక్కిన నాలుగింటిని పైరెప్పనెత్తు కండరముతో సహా మూడవ నాడియు నడిపించును. కంటిపాపను ముడుచు తంతువులును మూడవ నాడిని వెన్నంటియే వచ్చును. మూడవ, నాలుగవ నాడుల కేంద్రకములు మధ్యమెదడునందును, ఆరవ నాడి కేంద్రకము పాన్సునందును ఉన్నవి. నాలుగవ నాడి తక్కిన కపాలనాడులవలె గాక కాండము వెనుకవైపునుండి బయల్పడి, ఆవలి ప్రక్కకు దాటి, కపాలములోపల సన్నని పోగువలె దూరము ప్రయాణించును. అందుచే తలకు తగిలిన దెబ్బలలో ఇది తేలికగ గాయపడును.

చూపును కుడికి త్రిప్పవలెనన్న కుడికంటి వెలుపలి కండరమును ఎడమకంటి లోపలి కండరమును ఒకే క్షణమున ముడుచుకొనవలెను. ఒకే కాడి క్రింద నడచు జోడెద్దులలో ఒకటి వెనుకబడినచో చాలు వంకరపోవునట్లు, ఈ రెండింటిలో ఒకటి ఆలస్యమైనను వస్తువు రెండుగ కనిపించును. ఈ జతను కూర్చెడిది ఆరవ నాడి కేంద్రకమే. అందు రెండు విధముల కణములు కలవు: మొదటివి తమ వైపు కండరమునకు నేరుగ ఆజ్ఞ పంపును; రెండవవాని తంతువులు మధ్యరేఖను దాటి, ఆవలివైపున మధ్య అనుదైర్ఘ్య తంతుపుంజమను మార్గమున పైకెక్కి, మూడవ నాడి కేంద్రకమునకు చేరును. ఈ యేర్పాటువలననే ఒక ముఖ్యమైన భేదము పుట్టినది. ఆరవ నాడి కేంద్రకమునుండి వెలువడినపిదప దెబ్బతినినచో ఒక్క కన్ను మాత్రమే వెలుపలికి పోజాలదు. కేంద్రకమే దెబ్బతినినచో రెండు కన్నులును ఆ దిక్కునకు పోజాలవు. ఏడవ నాడియగు ముఖనాడి ఈ కేంద్రకమును చుట్టివచ్చుటచే, అట్టివారికి అదే ప్రక్క ముఖము వంకరపోవుటయు సాధారణము.

మూడవ నాడి కేంద్రకము విషయమునను ఇట్టి విచిత్రమే కలదు. 1953లో రోజర్ వార్విక్ కోతుల మెదడులపై చేసిన పరిశోధనవలన, రెండు పైరెప్పలకును నడుమ ఒకే కణసమూహము గలదనియు, పైఋజుకండరమునకు పోవు తంతువులు ఆవలివైపునుండి దాటివచ్చుననియు స్పష్టమైనది. కావున కేంద్రకమే చెడినపుడు ఒక కంటిలో మూడవ నాడి పక్షవాతముతోపాటు రెండు రెప్పలును వాలును, రెండవ కన్నును పైకి చూడజాలదు. ఒక్క రెప్పయే పూర్తిగ వాలి, రెండవ కన్ను నిర్దోషముగ నున్నచో, తప్పు కేంద్రకమునందు కాదని చెప్పవచ్చును.

ప్రాచీనుల స్థాననిర్ణయము

లోపలిమెదడును చిత్రముగ చూపు యంత్రము లేవియు లేని పందొమ్మిదవ శతాబ్దమున, మంచముకడ చూచిన లక్షణములను మరణానంతరము శవపరీక్షలో కనుగొన్న మచ్చతో పోల్చి ఐరోపా వైద్యులు ఈ శాస్త్రమును నిర్మించిరి. చేతులకు కాళ్ళకు పోవు తంతువులు మజ్జాముఖము అడుగున ఒకదాని నొకటి దాటును గాని మూడవ, ఆరవ నాడులు తమవైపుననే వెలువడును. అందుచే కాండమునందలి ఒకే మచ్చ ఆ వైపు కంటిని, ఆవలివైపు కాలుసేతులను ఏకకాలమున పట్టును. ఈ వ్యత్యస్త పక్షవాతమును పాన్సు విషయమున 1856లో ఫ్రాన్సుదేశీయులగు మిల్లార్డ్, గుబ్లేరులును, మధ్యమెదడు విషయమున 1863లో లండనునందలి హెర్మన్ వెబరును వర్ణించిరి. చూపే ఒక దిక్కునకు పోని రూపమును 1858లో ఫోవిల్ వివరించెను. మూడవ నాడి పక్షవాతముతో ఆవలి చేతికి వణకు పుట్టుటను 1889లో బెనెడిక్టును, ఆవలి అవయవముల పొందిక చెడుటను 1912లో హెన్రీ క్లాడును వెలువరించిరి. ఈ పేర్లను కంఠస్థము చేయుటకంటె, వ్యత్యస్తతయే కాండమునకు గురుతని మనసున నిలుపుకొనుట మేలు.

ఇందుండియే మఱియొక నిపుణమైన గురుతు లభించును. పెద్దమెదడునందు హఠాత్తుగ రక్తము అందనపుడు రోగి కన్నులు సాధారణముగ మచ్చ యున్న వైపునకు, అనగా చచ్చుబడిన చేతికి ఎదురుదిక్కునకు, ఒరిగియుండును. పాన్సునందు మచ్చ పడినపుడు చచ్చుబడిన చేతివైపునకే ఒరిగియుండును. గది గుమ్మమున నిలిచియే గ్రహింపదగిన ఈ భేదము ఎంత విలువైనదో రాత్రివేళ అత్యవసరవిభాగమున పనిచేసినవారికి తెలియును.

మధ్య అనుదైర్ఘ్య తంతుపుంజము తెగినపుడు కలుగు అంతఃకేంద్రక నేత్రపక్షవాతము ఈ సముదాయమున మిక్కిలి స్వచ్ఛమైన రూపము. ప్రక్కకు చూడబోవ ఒక కన్ను ముక్కువైపునకు రాక నిలిచిపోవును. వెలుపలికి పోయిన రెండవ కన్ను అచ్చట నిలువక కొట్టుకొనును. అదే కన్ను దగ్గరి వ్రేలిని చూడుమన్నపుడు మాత్రము తఱచుగ లోనికి వచ్చును. కండరమును నాడియు బాగుగనున్నవని, త్రోవ మాత్రమే తెగినదని దీనివలన ఋజువగును. వృద్ధులలో ఒకవైపున వచ్చినచో రక్తనాళము పూడుటయు, యువకులలో రెండువైపుల వచ్చినచో నాడీతంతువుల పైపొర కరగు వ్యాధియు కారణమని గ్రంథములు చెప్పును. కాని అమెరికాయందు జేమ్స్ కీన్ 2005లో ప్రకటించిన 410 మంది రోగుల వృత్తాంతమున 157 మందికి రక్తప్రసారలోపమును, 139 మందికి తంతుపొరల వ్యాధియు, తక్కిన 114 మందికి గాయములు, అంటువ్యాధులు, కణితులు మొదలైన ఇతరకారణములును కనిపించినవి. క్షయయు, పంది బద్దెపురుగు కోశములును మెదడునకు పట్టుట అరుదుకానట్టి మన దేశమున ఆ మూడవ వర్గమును ఎన్నడును మరువరాదు. ఒకవైపు చూపు పూర్తిగ పోయి, ఎదురువైపు చూపు సగము పోయి, మొత్తముమీద ఒక కంటి వెలుపలి చలనము మాత్రమే మిగులు రూపమునకు 1967లో మిల్లర్ ఫిషర్ ఒకటిన్నర వ్యాధి యని పేరుపెట్టెను.

చూపు పైకి పోజాలకుండుట మధ్యమెదడు పైభాగపు వికారము. 1880ల దశకమున హెన్రీ పారినో వర్ణించిన ఈ రూపమున కంటిపాప వెలుతురునకు ముడుచుకొనక, దగ్గరి వస్తువును చూచినపుడు ముడుచుకొనును; పైకి చూడ యత్నించినపుడు కనుగ్రుడ్లు లోనికి గుంజుకొనును. పసిబిడ్డలలో తలయందు నీరు చేరినపుడు కన్నులు క్రుంగి, పైభాగమున తెల్లగ్రుడ్డు కనిపించుటయు ఈ జాతిదే. తల్లి అట్టి చూపును గమనించినచో ఆలస్యము చేయక బిడ్డను ఆసుపత్రికి కొనిపోవలయును.

పాన్సు ముందుభాగమంతయు రెండువైపుల చెడినపుడు సంభవించు బందీస్థితిని గూర్చి కొంచెము వివరముగ చెప్పుట న్యాయము. 1966లో ప్లమ్, పోస్నరు లనువారు దీనికి పేరుపెట్టిరి. రోగికి కాలు కదలదు, చేయి కదలదు, నోట మాట రాదు, ప్రక్కలకు చూపును త్రిప్పజాలడు. కాని మెలకువ సంపూర్ణముగ నుండును, వినికిడి యుండును, బాధ తెలియును. మధ్యమెదడు చెడకుండుటచే కన్నులను పైకి క్రిందికి త్రిప్పుటయు, రెప్ప వేయుటయు మాత్రమే మిగులును. ఇట్టివానిని స్పృహ తప్పినవానిగ నెంచి, అతని యెదుటనే ఆశ వదలుకొన్న మాటలు పలుకుట ఘోరమైన అపచారము. కదలక పడియున్న ప్రతి రోగిని కనురెప్పలెత్తి, "పైకి చూడు, క్రిందికి చూడు" అని స్వభాషలో అడుగుట పరీక్షావిధిలో విడువరాని భాగము. దీనికి ఖర్చు లేదు, యంత్రము లేదు, అరనిమిషము చాలును.

పరీక్షాక్రమము

"అన్నీ రెండు రెండు కనబడుతున్నయి" అని చెప్పు రోగిని మొదట ఒక కన్ను మూసి చూడుమనవలెను. ఏ కన్ను మూసినను రెండుగ కనిపించుట పోయినచో దోషము కన్నుల పొందికలో ఉన్నది. ఒక కన్ను మూసినను మిగిలినచో శుక్లము మొదలైన కంటిలోని దోషమని తలంపవచ్చును. పిమ్మట ఆ రెండు ఆకారములు ప్రక్కప్రక్కనున్నవా, మీదుమీదుగనున్నవా, ఏ దిక్కునకు చూచినపుడు ఎడము పెరుగుచున్నది, మెట్లు దిగునపుడు కష్టమా, దూరమున బస్సు పేరు చదువునపుడు కష్టమా యని ప్రశ్నింపవలెను. వెలుపలి కండరము పనిచేయనివానికి దూరపుచూపునను, నాలుగవ నాడి చెడినవానికి క్రిందిచూపునను బాధ అధికము. తల ఒకవైపు వంచి పట్టుకొనుటయు రోగి తెలియకయే చేసికొన్న సవరణ. మార్షల్ పార్క్స్ 1958లో ఏర్పరచిన మూడుమెట్ల పరీక్ష, తలను కుడియెడమలకు వంచి నాలుగవ నాడి దోషమును నిర్ధారించును. ఐతే కన్ను ఒకటి పైకి, ఒకటి క్రిందికి నిలుచుట కాండమునందలి సమతుల్యనాడుల దోషమువలనను కలుగును. అట్టిది రోగిని వెల్లకిల పరుండబెట్టినపుడు తగ్గుట గమనింపదగిన భేదము.

కంటిపాపల పరిమాణమును, వెలుతురునకు వాని స్పందనను చూచుట మఱవరాదు. మధుమేహమువలన మూడవ నాడి చెడినపుడు పాప సాధారణముగ చెడదు, కొలది నెలలలో కన్ను కోలుకొనును. పాప విస్తరించి బిగిసిపోయి, తీవ్రమైన తలనొప్పి తోడైనచో ధమని ఉబ్బి నాడిని నొక్కుచున్నదని భయపడి వెంటనే రోగిని పెద్దాసుపత్రికి పంపవలెను. ఆరవ నాడి మాత్రము కపాలమున ఒత్తిడి పెరిగినపుడు ఎక్కడి కణితివలననైనను చెడును గనుక, 1904లోనే జేమ్స్ కొల్లియరు దీనిని తప్పుడు స్థానము చూపు లక్షణములలో చేర్చెను. కంటి వెనుకభాగమును దర్శకముతో చూచి నాడీబింబము ఉబ్బినదేమో పరిశీలించుట అందుచేతనే అవసరము.

స్పృహలేని రోగి విషయమున తలను ప్రక్కలకు త్రిప్పి, కన్నులు ఎదురుదిక్కునకు జారుచున్నవా లేదా యని చూతురు. జారినచో కాండము పనిచేయుచున్నదని అర్థము. జాతీయ రహదారిపై ప్రమాదమునకు లోనైనవానికి మెడయెముక విరిగియుండవచ్చును గనుక ఈ పరీక్ష చేయరాదు. చెవిలో చల్లనినీరు పోసి చూచుటయే క్షేమము. చెవిపొర పగలలేదని ముందుగ నిశ్చయించుకొనవలెను. ఈ విధానమునకు మూలమగు చెవిసమతుల్య పరిశోధనలకు గాను రాబర్ట్ బరానీ 1914 సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందెను.

ఆగని తలతిరుగుడుతో వచ్చినవారిలో కాండమునకు రక్తమందనివారెవరో, లోచెవి వాపు గలవారెవరో కనుగొనుటకు తలను చటుక్కున త్రిప్పి చూచుట, కన్నుల కొట్టుకొనుట దిక్కు మారుచున్నదేమో గమనించుట, కన్ను ఒకదానిని మూసి తెఱచి పైక్రిందుల తేడా చూచుట అను మూడు పరీక్షలు చాలునని 2009లో కట్టా, న్యూమన్ టోకరు ప్రభృతులు 101 మంది రోగులలో నిరూపించిరి. మొదట తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రము మెదడుపోటు వచ్చినవారిలో నూటికి 12 మందిలో మచ్చను చూపలేకపోయినది. శిక్షణ పొందిన కన్ను చూపెను. సి.టి. చిత్రము ఎముకల నీడలవలన ఈ భాగమున మఱింత బలహీనము. అది రక్తస్రావమును పట్టును గాని, చిన్న కాండపు మచ్చను పట్టలేదు. "సి.టి. బాగున్నది" అను మాటతో రోగిని ఇంటికి పంపుట ఈ వ్యాధియందు జరుగు పెద్ద పొరపాటు.

సూర్యాపేట ప్రాంతమున గమనింపవలసిన విశేషములు

మూసీ ఆయకట్టు క్రిందను, సాగరు ఎడమకాలువ క్రిందను వరి పండించు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో కాండవ్యాధిని పోలిన రెండు ఆపదలను వైద్యుడు మొదట తలంపునకు తెచ్చుకొనవలెను. అందొకటి కట్లపాము కాటు. నేలపై నిద్రించినవానిని రాత్రివేళ కరచినను గాటు కనిపించకపోవచ్చును, నొప్పి యుండకపోవచ్చును. తెల్లవారుసరికి కడుపునొప్పి, రెప్పలు వాలుట, కన్నులు నిలిచిపోవుట, గొంతు పట్టుకొనుట, చివర శ్వాస ఆగుట క్రమముగ వచ్చును. కంటిపాపలు సైతము బిగిసిపోవుటచే మెదడు మరణించినట్లు తోచును గాని, కృత్రిమశ్వాసతో కాపాడినచో అట్టివారనేకులు పూర్తిగ కోలుకొందురు. నాగుపాము కాటునందు నియోస్టిగ్మిన్ సూదిమందు రెప్పలను లేపవచ్చును. కట్లపాము విషమునకు అది అంతగ పనిచేయదు. విషహరసీరము రెండింటికిని వలయును. రెండవది పురుగులమందు. పాన్సునందు రక్తస్రావమైనపుడు కంటిపాపలు సూదిమొనయంతగ ముడుచుకొని రోగి స్పృహ కోల్పోవును. సేంద్రియ భాస్వరపు మందు త్రాగినవానియందును, పొలమున మందు పీల్చినవానియందును అట్టి పాపలే కనిపించును. నోటినుండి నురుగు, విపరీతమైన చెమట, కండరముల అదురు, మందు వాసన ఇచ్చట గురుతులు. ఇవిగాక, సాయంకాలమువేళకు రెప్పలు వాలి, విశ్రాంతితో తేఱుకొను కండరదౌర్బల్య వ్యాధిని మంచుగడ్డను రెప్పపై రెండు నిమిషములుంచి గుర్తింపవచ్చును.

పోషణలోపమువలన వచ్చు రూపమును 1881లో కార్ల్ వెర్నికే వర్ణించెను: కన్నుల పక్షవాతము, నడక తూలుట, మతి చెదరుట. ఆయన చూచిన ముగ్గురిలో ఇద్దరు మద్యపాయులు, ఒకతె ఆమ్లము త్రాగి జీర్ణాశయము చెడిన స్త్రీ. కారణము థయామిన్ అను బి1 విటమిను లోపము. పచ్చిబియ్యమును తెల్లగ పాలిషు పట్టి తినుటకును బెరిబెరి వ్యాధికిని గల సంబంధమును మెక్కారిసన్, నారిసులు 1924లో భారతదేశపు బియ్యముపై చేసిన గ్రంథమున చర్చించిరి. ఆనాడు ఉత్తరసర్కారులు ఆ వ్యాధికి ప్రసిద్ధిగాంచిన ప్రదేశము. వడ్లను ఉడికించి ఆరబెట్టినపుడు తవుడునందలి విటమిను గింజలోనికి దిగును. మిర్యాలగూడ మిల్లులలో తయారగు ఉప్పుడుబియ్యమున ఆ మేలు నిలిచియున్నది. నేడు వెర్నికే వర్ణించిన వ్యాధి ఎక్కువగ మద్యపాయులయందును, వేవిళ్ళతో వారములతరబడి అన్నము నిలువని గర్భిణులయందును కనిపించును. ఇట్టివారికి గ్లూకోజు ఎక్కించుటకు ముందుగనో, దానితోపాటో థయామిన్ ఇయ్యవలెను; ఇచ్చిన కొలది గంటలలోనో దినములలోనో కన్నులు కదలుట ఈ వైద్యమున ఆశ్చర్యకరమైన ఫలితము. ఆలస్యమైనచో జ్ఞాపకశక్తి పూర్తిగ తిరిగి రాకపోవచ్చును.

మెదడుపోటు విషయమున మన ప్రాంతపు ప్రత్యేకతను హైదరాబాదునందలి నిజామ్స్ వైద్యవిజ్ఞానసంస్థ పరిశోధన వెల్లడించినది. డాక్టర్ సుభాష్ కౌల్ ప్రభృతులు 2002లో ప్రకటించిన విషయమునుబట్టి, మనవారిలో మెడధమనులకంటె కపాలములోపలి ధమనులు ఇఱుకగుట ప్రధానముగ కనిపించును. మధుమేహము, రక్తపుపోటు, పొగాకు దీనికి దోహదములు. నాళము పూడినవానికి గడ్డను కరగించు మందును 4.5 గంటలలోపల ఇయ్యవలెను. సూర్యాపేటనుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడనుండి విజయవాడ సుమారు 100 కిలోమీటర్లు. దారియే రెండుమూడు గంటలు తినును. 2005లో ఆరంభమైన 108 అంబులెన్సు సేవయు, 2019లో సూర్యాపేటయందు వెలసిన ప్రభుత్వ వైద్యకళాశాలయు ఈ కాలహానిని తగ్గించుటకు సాధనములు. ఐనను మొదట చూచిన వైద్యుడు వ్రాసిపంపు నాలుగు మాటలే, అనగా రోగము ఏ గంటకు మొదలైనదో, కంటిపాపలెట్లున్నవో, ఏ దిక్కునకు చూపు పోదో, ఏ చేయి బలహీనమో, పట్టణపు వైద్యునకు అరగంట శ్రమను మిగుల్చును.

చూపు హఠాత్తుగ రెండైనవారును, రెప్ప హఠాత్తుగ వాలినవారును, వారి ఇంటివారును చేయవలసినది ఇంతే: అద్దముల దుకాణమునకు పోవక, మంత్రపుతాడు కట్టింపక, మొదలైన గంటను గుర్తుంచుకొని, రోగికి తినుటకు గాని త్రాగుటకు గాని ఏమియు ఇయ్యక, ఇంటిలోనున్న మందులచీటీలన్నియు వెంటగొని తక్షణమే 108కి ఫోను చేయుడు.